6% కమిషన్ రద్దయిందంట! ఆ ఫార్వర్డ్‌లో తారీఖు తప్ప ఏదీ సరిగ్గా లేదు

మా బావమరిది డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు చూస్తున్నాడు, నిన్న రాత్రి వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ పెట్టి "బావా ఇది నిజమేనా" అన్నాడు. అదే మెసేజ్ నాకు ఇంకో మూడు గ్రూపుల్లో అప్పటికే వచ్చి ఉంది. దాంట్లో ఏముందంటే, 2024 ఆగస్ట్ 17 నుంచి అమెరికాలో కొత్త చట్టం వచ్చింది, ఇల్లు అమ్మేటప్పుడు సెల్లర్ తన తరఫు, బయ్యర్ తరఫు ఏజెంట్లిద్దరికీ కలిపి ఇచ్చే 6% కమిషన్ రద్దు, సెల్లర్ ఇక బయ్యర్ ఏజెంట్‌కి పైసా ఇవ్వడు, కాబట్టి ఏజెంట్‌ని వదిలేసి నేరుగా లిస్టింగ్ ఏజెంట్‌నే (సెల్లర్ తరఫు ఏజెంట్) పట్టుకోండి 3% మిగులుద్ది, కొత్త ఇల్లయితే బిల్డర్ దగ్గరికి ఒక్కళ్ళే వెళ్ళండి.

"కొత్త చట్టం" అంట. చట్టం కాదండీ, కోర్టు కేసులో రాజీ. మిస్సోరీలో ఇళ్ళు అమ్ముకున్నవాళ్ళు కేసు వేశారు, 2023 అక్టోబర్ 31న కాన్సస్ సిటీ జ్యూరీ నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ (ఏజెంట్ల సంఘం) మీదా కొన్ని పెద్ద బ్రోకరేజీల (ఏజెంట్లు పనిచేసే కంపెనీలు) మీదా దాదాపు 1.8 బిలియన్ డాలర్ల తీర్పు ఇచ్చింది. 2024 మార్చిలో అసోసియేషన్ 418 మిలియన్లకి సెటిల్ చేసుకుంది, అప్పుడు ఒప్పుకున్న రూల్సే ఆ ఆగస్ట్‌లో మొదలయ్యాయి.

"6% రద్దు" అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది ఎప్పుడూ ఏ చట్టంలోనూ లేదు, అలవాటు మాత్రమే. అప్పుడూ బేరమాడొచ్చు, ఇప్పుడూ ఆడొచ్చు, మనవాళ్ళు కూరగాయల దగ్గర ఆడినంత ఇక్కడ ఆడరు అంతే.

అసలు గొడవంతా "సెల్లర్ ఇక ఇవ్వడు" అన్న దగ్గర ఉంది. ఇదివరకు ఏజెంట్లు అమ్మకానికున్న ఇళ్ళు పెట్టే ఉమ్మడి లిస్టు, ఎంఎల్ఎస్‌లో ఇల్లు పెట్టాలంటే బయ్యర్ ఏజెంట్‌కి ఎంతో కొంత కమిషన్ ఆఫర్ చూపించాల్సిందే, సెల్లర్లు కోర్టుకెక్కింది దీని మీదే. ఇప్పుడు ఎంఎల్ఎస్‌లో ఆ ఆఫర్ పెట్టకూడదు. పెట్టకూడదన్నారు గానీ ఇవ్వకూడదు అనలేదు! సెల్లర్ ఇస్తానని లిస్టింగ్ ఏజెంట్ ఫోన్లో చెప్పొచ్చు, వాళ్ళ బ్రోకరేజీ సైట్లో రాసుకోవచ్చు, లేదా మనమే ఇల్లు కొంటామని ఆఫర్ రాసేటప్పుడు మా ఏజెంట్ ఫీజు సెల్లర్ కట్టాలి అని పెట్టొచ్చు, ఒప్పుకుంటాడా లేదా అన్నది ఆ ఇంటికి ఎంత మంది ఎగబడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండో మార్పు మనకి ఇంకా ముఖ్యం, ఏజెంట్‌తో కలిసి ఇల్లు చూడ్డానికి వెళ్ళే ముందే రాతపూర్వకంగా అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి (ఎవరైనా వచ్చి చూడొచ్చని తెరిచిపెట్టే ఓపెన్ హౌస్‌కి మీ అంతట మీరు వెళ్తే అక్కర్లేదు), అందులో ఫీజు ఎంతో నిర్దిష్టంగా ఉండాలి, "సెల్లర్ ఎంతిస్తే అంత" అని రాస్తే కుదరదు. అక్కడ రాసినదానికంటే ఏజెంట్ ఎవరి దగ్గరా ఎక్కువ తీసుకోకూడదు. 5 లక్షల డాలర్ల ఇల్లు అనుకోండి, పేపర్లో 2.5% అంటే 12,500. సెల్లర్ 2% ఇస్తే 10,000 అటు నుంచి, మిగతా 2,500 మన మీద. అదే సెల్లర్ 3% ఇస్తానన్నా ఆ పై 2,500 ఏజెంట్ జేబులో వేసుకోవడానికి లేదు. ఫార్వర్డ్ రాసిన మహానుభావుడు ఈ సంతకం సంగతే వదిలేశాడు, మనం డబ్బులు పోగొట్టుకునేది అక్కడ.

"లిస్టింగ్ ఏజెంట్‌ని పట్టుకుంటే 3% మిగులుద్ది." ఎవరికి మిగులుద్ది? సెల్లరూ అతని బ్రోకరూ రాసుకున్న లిస్టింగ్ అగ్రిమెంట్‌లో ఏముంటే అది. కొన్నిట్లో బయ్యర్‌కి ఏజెంట్ లేకపోతే మొత్తం లిస్టింగ్ వాళ్ళకే, కొన్నిట్లో సెల్లర్‌కి తగ్గుద్ది, మన ధరలో తగ్గాలంటే మళ్ళీ మనమే బేరమాడాలి. పైగా అతను పనిచేసేది సెల్లర్ కోసం. "అన్నా వచ్చే నెల లీజ్ అయిపోతుంది, 5.3 లక్షల దాకా వెళ్తాం" అని మన గుట్టంతా చెప్పేస్తే అది సాయంత్రానికి సెల్లర్ చెవిలో ఉంటుంది.

ఇక బిల్డర్. ఇందులో నేనే దెబ్బతిన్నాను. కొన్నేళ్ళ కింద ఒక మోడల్ హోమ్ చూద్దామని వీకెండ్ ఊరికే వెళ్ళి సేల్స్ ఆఫీసులో పేరూ నంబరూ రాసొచ్చా. తర్వాత వారం ఏజెంట్‌ని తీసుకెళ్తే "మొదటి విజిట్‌లో లేరు కాబట్టి ఆయన్ని గుర్తించం" అన్నారు, చాలా బిల్డర్ల పాలసీ ఇదే. ధర తగ్గించారా అంటే లేదు, ఏజెంట్ ఇస్తానన్న రిబేట్ మాత్రం పోయింది. మనవాళ్ళ గ్రూపుల్లో "బిల్డర్ ఇచ్చే 3%లో 2% మీకే క్యాష్‌బ్యాక్" అని కనపడుతుందే, అది. టెక్సస్‌లో అది లీగలే, లెండర్‌కి చూపించి సెటిల్‌మెంట్ పేపర్లలో రావాలి. టెనెసీ, మిస్సోరీ, ఒరెగాన్ లాంటి చోట్ల మాత్రం బయ్యర్‌కి రిబేట్ ఇవ్వడం కుదరదు, డాలస్ ఫ్రెండ్‌కి వచ్చింది కదా అని టెనెసీలోని నాష్‌విల్‌లో అడిగి లాభం లేదు.

బావమరిదికి ఏజెంట్ పంపిన పేపర్ అడిగి చూశా. 3%, ఆరు నెలలు, అప్పటికే సగం సంతకాలు పెట్టేసున్నాడు. ఆపించి 2%, 60 రోజులు అడగమన్నా. ఇంకా రిప్లై రాలేదంట.