వానకి ఉలిక్కిపడే పిలకాయలకి ముందు యూనిట్ టెస్టా?

2021 నవంబర్ 18ని తిరుపతిలో ఎవరూ మర్చిపోలేదు. కపిలతీర్థం దగ్గర నీళ్లు దూకిన తీరు, అలిపిరి మెట్ల మీద వాగు పారినట్టు పారడం, ఆ వీడియోలు ఇంకా చాలామంది ఫోన్లలోనే ఉన్నాయి. ఆ వెంటనే రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊర్లు ఖాళీ చేయించారు, పిల్లాజెల్లతో గొడ్డూగోదాతో ఎక్కడికి పోవాలో తెలీక జనం పడిన అవస్థ మామూలుది కాదు. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుపాను వచ్చి మళ్లీ అదే భయం చూపించింది.

వాన వెలిశాక అధికారులు వచ్చి ఎన్ని ఎకరాలు మునిగాయి, ఎన్ని ఇళ్లు కూలాయి అని రాసుకుంటారు, రాసుకోవాల్సిందే. కానీ ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్లకి రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదన్నది ఎక్కడ రాస్తారు?

మామూలుగా మన దగ్గర జరిగేది ఇదీ. స్కూలే పునరావాస కేంద్రం అవుతుంది, ఏ గదిలో అమ్మానాన్నలతో బెంచీలు జరిపి పడుకున్నారో అదే గదిలో వారం తిరక్కుండా యూనిట్ టెస్ట్ పెడతారు, సిలబస్ వెనకబడిందని సాయంత్రం ఎక్స్‌ట్రా క్లాసులు, నోట్సు తడిసిపోయిందంటే మళ్లీ రాసుకురా అంటారు. ఆ పిల్లోడు రేకుల మీద చినుకు పడగానే పాఠం వదిలేసి కిటికీ వైపు చూస్తాడు. సార్ దృష్టిలో అది పరధ్యానం.

ఇంకో తప్పు మంచి మనసుతోనే చేస్తుంటాం. 'నేను చూసిన వరద' అని వ్యాసం రాయించడం, స్కూలు అసెంబ్లీలో నిలబెట్టి ఏం జరిగిందో చెప్పమనడం. బలవంతంగా చెప్పించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది, వాళ్లంతట వాళ్లు చెప్తే వినాలి, అంతే. ఎక్కువమంది పిలకాయలు రోజూ స్కూలుకి రావడం, ఫ్రెండ్స్‌తో ఆడుకోవడం, మధ్యాహ్నం పక్కపక్కన కూర్చుని తినడంతోనే కొన్ని వారాల్లో తేరుకుంటారు. అందుకే స్కూలు త్వరగా తెరవాలంటున్నాం, పోర్షన్ కోసం కాదు.

అలా తేరుకోని వాళ్లూ ఉంటారు. నెల దాటినా పీడకలలు, ఊరికే కడుపునొప్పి తలనొప్పి, మాట్లాడితే కోపం, లేకపోతే అసలు మాటే లేకపోవడం. ఈ వయసులో ఏడుపు కన్నా కోపమే ఎక్కువ బయటికొస్తుంది కాబట్టి దాన్ని పొగరు అనుకుని రెండు దెబ్బలు వేసే ప్రమాదం ఉంది. వాళ్లని తిరుపతి రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ డాక్టర్లకి చూపించాలి. నలుగురికీ తెలిస్తే పిచ్చి అంటారేమోనని తల్లిదండ్రులు వెనకాడతారు, ఆడపిల్ల అయితే మరీనూ, డాక్టర్‌కి చూపించమనే మాట ఇంటికెళ్లి నెమ్మదిగా చెప్పగలిగేది క్లాస్ టీచరే.

మేం అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. వరద తర్వాత మొదటి రెండు వారాలు టెస్టులు వద్దు. పిలకాయలు భయం లేకుండా వెళ్లి మాట్లాడగలిగే సారో మేడమో ప్రతి హైస్కూల్లో ఒకరుండాలి, వాళ్లకి అక్టోబర్ వానలు మొదలయ్యే లోపే ట్రైనింగ్ ఇవ్వాలి. ఇల్లు మునిగిన టీచర్లూ ఉంటారు, వాళ్లనీ ఎలా ఉన్నారని అడిగే మనిషి కావాలి. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడేందుకు ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబర్ 14416 ఫ్రీ, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. నోటీస్ బోర్డు మీద ఫీజు గడువు రాసే చోట అది కూడా రాయడానికి ఒక చాక్‌పీసు చాలు.