వేలు చూపించి తినే భోజనం: ఫిలిపినో ట్రేలను చులకన చేయొద్దు

మనీలాలో ఏ పెద్ద మాల్‌కైనా మధ్యాహ్నం పన్నెండు దాటాక వెళ్లి, ఫుడ్‌కోర్టులో జనం ఎక్కడ బారులు తీరారో చూడండి. గాజు పలక వెనక వేడినీళ్ల తొట్టి, దాని మీద పది పన్నెండు స్టీలు ట్రేలు, ఒక్కోదాంట్లో ఒక్కో కూర. వచ్చినవాళ్లు పేర్లు చదివే పని పెట్టుకోరు. ఇదీ, అదీ అని వేలితో చూపిస్తారు. అవతలివాళ్లు అన్నం పక్కన గరిటెతో వేసిస్తారు. అక్కడి తగలోగ్ భాషలో ‘తురో’ అంటే వేలుపెట్టి చూపించడం. అందుకే ఈ తరహా హోటళ్లకు ‘తురో-తురో’ అని పేరు. ఫిలిపినో వంటను తెలుసుకోవాలంటే ముందుగా వెళ్లాల్సిన చోటు ఇదే.

ఈమధ్య ఆ వంటకు ప్రపంచంలో పెద్దపీట దక్కుతోంది. 2022లో షికాగోలోని కసామాకు, గొప్ప వంటకు గుర్తింపుగా ఇచ్చే మిషెలిన్ నక్షత్రం వచ్చింది. ఒక ఫిలిపినో రెస్టారెంట్‌కు అది రావడం అదే మొదటిసారి. ఫిలిపినో ఫాస్ట్‌ఫుడ్ సంస్థ జాలిబీ కోడివేపుడు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ సంబరంలోనే ఒక మాట చాపకింద నీరులా పాకుతోంది: అసలైన ఫిలిపినో వంట ఇప్పుడే వెలుగులోకొచ్చింది, ఫుడ్‌కోర్టులో దొరికేది పొద్దున ఎప్పుడో వండి పడేసిన నాసిరకం అని. ఆ మాట అనేవాళ్లకు ఆ వంట స్వభావమే పట్టుబడలేదు. పొద్దున వండి మధ్యాహ్నం తినడానికే అందులో సగం కూరలు పుట్టాయి. గంటా రెండు గంటలు ట్రేలో ఉంటే అవి పాడవవు, ఇంకాస్త ఊరతాయి.

అడోబో సంగతే చూడండి. కిలో కోడిమాంసానికి అరకప్పు వెనిగర్, ఇంచుమించు అంతే సోయా సాస్, ఒక వెల్లుల్లి గడ్డ మొత్తం, రెండు మూడు బిర్యానీ ఆకులు, చెంచాడు మిరియాలు. తాలింపుతో పని లేదు. వెనిగర్ పోశాక మూత పెట్టకూడదు, అది మరిగి పచ్చి వాసన పోయేదాకా గరిటె పెట్టకూడదు. ఆ ఘాటు ఆవిరై పోవాలి కాబట్టి ఈ నియమం. ఆత్రపడి మూతపెట్టి కలియబెట్టిన అడోబో గొంతులో గుచ్చుతుంది. స్పెయిన్‌వాళ్లు ఆ దీవులకు రాకముందు నుంచీ అక్కడివాళ్లు మాంసాన్ని వెనిగర్‌లో, ఉప్పులో వండి నిలవ ఉంచుకునేవారు. 1613లో అచ్చయిన ఒక తగలోగ్ నిఘంటువులో ఒక స్పానిష్ సన్యాసి దాన్ని ‘ఇక్కడివాళ్ల అడోబో’ అని రాసుకున్నాడు. పేరు స్పెయిన్‌ది, పద్ధతి స్థానికులది. ఫ్రిజ్ లేని రోజుల్లో, ఉక్కపోత దేశంలో, కూర రాత్రిదాకా నిలవడానికి చేసిన ఏర్పాటు అది. మర్నాడు దాని రుచి పెరుగుతుందని ఏ ఫిలిపినో అమ్మనడిగినా చెబుతుంది. అలాంటి కూరను ట్రేలో చూసి ‘పాతది’ అనడం ఆవకాయను మూడోనెలలో చూసి పాతదనడంలాంటిదే.

అయితే ట్రేలో జరిగే మార్పు తెలిసి ఎంచుకోవాలి. కింద వేడినీళ్లు, పైన తెరిచిన ట్రే. ఆవిరి లేస్తున్నకొద్దీ పులుసులో నీరు తగ్గుతుంది, ఉప్పు మాత్రం అంతే ఉంటుంది. పదకొండున్నరకు సరిగ్గా ఉన్న అడోబో మూడింటికి ఉప్పుకషాయమవుతుంది. ఆలస్యంగా వెళ్తే ముక్కలు తీసుకోండి, పులుసు ఒక చెంచాకు మించి పోయించుకోకండి. ట్రేలో కూర వేడిగా ఉందా లేదా అన్నది ఇంకా ముఖ్యం. అమెరికా ఆహార నిబంధనల్లో వేడి పదార్థాన్ని 57 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉంచాలని ఉంది. థర్మామీటర్ మన చేతిలో ఉండదు కాబట్టి కళ్లతోనే చూసుకోవాలి: గరిటె పెట్టి కదపగానే ఆవిరి లేవకపోయినా, పైన నెయ్యిలా కొవ్వు గడ్డకట్టినా ఆ ట్రే వదిలేయండి. ఎక్కడ నిలబడాలో జనమే చెబుతారు. పన్నెండు నుంచి ఒంటిగంట మధ్య ట్రేలు ఖాళీ అవుతూ కొత్తవి వస్తుంటాయి. వడ్డించే ఆవిడను ‘ఆతె’ అనో, అబ్బాయిని ‘కూయా’ అనో పిలవండి. మన అక్క, అన్నలాగే అవి అక్కడి వరసలు. ‘బాగోంగ్ లూతో’ ఏదని అడిగితే ఇప్పుడే వండింది ఏదో చూపిస్తారు.

సినిగాంగ్ దగ్గర తెలుగువాళ్లు ఎక్కువసేపు ఆగాలి. చింతకాయ పులుపుతో, పంది ఎముకతోనో చేపతోనో రొయ్యలతోనో కాచిన పలుచటి పులుసు అది. ముల్లంగి, వంకాయ, బెండకాయ, బొబ్బర్ల కాయలు, పొడుగు పచ్చిమిర్చి వేసి చివర్లో తూటికూర పడేస్తారు. కొన్ని ఇళ్లలో ఎసరుకు బియ్యం కడిగిన నీళ్లే వాడతారు. పులుసులో కడుగు పోసే అలవాటున్న ఇంట్లో పెరిగినవాళ్లకు దీని గుణం విడమరిచి చెప్పక్కర్లేదు. ట్రేలో దీనికొచ్చే చిక్కు ఆకుకూరతోనే. పులుపులో వేడిగా ఉన్నకొద్దీ ఆకుపచ్చ రంగు చచ్చి ముదురు గోధుమరంగులోకి తిరుగుతుంది. తూటికూర ఇంకా పచ్చగా ఉందంటే కుండ ఇప్పుడే దిగింది. నల్లబడిందంటే ఎముక ముక్కలు, ముల్లంగి మాత్రం అడుగునుంచి తీసివ్వమనండి. రసానికి ఏమీ కాదు, అది ఇంకా దిగి ఉంటుంది. పొడి ప్యాకెట్‌తో చేసిన పులుసైతే మొదటి చెంచాకే నాలుకను కొరికి, తర్వాత ఉప్పు మాత్రమే మిగులుతుంది.

కారె-కారె రుచి మొదటి ముద్దకు చప్పగా తగిలి చాలామంది పక్కన పెట్టేస్తారు. వేరుశనగ ముద్ద, వేయించిన బియ్యప్పిండి, జాఫ్రా గింజల రంగు, అందులో మెత్తగా ఉడికిన ఎద్దు తోక, పేగులు, అరటిపువ్వు, వంకాయ. చప్పగా ఉండటమే దాని లెక్క. పక్కన చిన్న గిన్నెలో బగోంగ్ ఇస్తారు, చిట్టి రొయ్యలను ఉప్పులో మురగబెట్టిన ముద్ద. ముద్దముద్దకూ దాన్ని గోరంత అద్దుకుని తినాలి. బగోంగ్ మొత్తం ఒకేసారి కలిపేస్తే పళ్లెం పాడైనట్టే. వేరుశనగ పడనివాళ్లు ఈ ట్రే జోలికి పోవద్దు, అందులో వాడిన గరిటె పక్క ట్రేలో పెడుతున్నారేమో కూడా గమనించుకోవాలి.

ఇక ట్రేలో ఉంటే తీసుకోకూడనివి. లెచోన్ కవాలి, అంటే ఉడికించి నూనెలో వేయించిన పంది పొట్టమాంసం. దాని ప్రాణమంతా పెళపెళలాడే తోలులోనే ఉంది. ఆవిరి తగిలిన పావుగంటలో ఆ తోలు పొక్కుల్లోకి తేమ చేరి జీడిలా సాగుతుంది. పల్చటి రేకులో కూరిక చుట్టి వేయించిన లుంపియాలకూ అదే గతి. వీటిని వేడినిచ్చే దీపం కింద పొడిగా పెట్టినచోట, లేదా అడిగాక కోసి, వేయించి ఇచ్చేచోటే తీసుకోవాలి. పాన్సిత్ బిహోన్ బియ్యపు సేమ్యా, అది ఉన్న రసమంతా పీల్చేసి ఎండిపోతుంది, కలమాన్సి అనే చిట్టి నిమ్మకాయ ఒకటి పిండితే కొంత తేరుకుంటుంది. సిసిగ్, అంటే సన్నగా తరిగిన పంది తల మాంసం, ఇనుప పెనం మీద చిటచిటలాడుతూ రావాలి. పంపాంగలోని ఆంజెలెస్ నగరంలో 1970లలో పేరుపడిన వంట అది, దానికి ట్రేలో చోటే లేదు.

పళ్లెం కూర్చుకోవడంలో ఒక్క నియమం చాలు: రెండు కూరలూ ఒకే దారిలో ఉండకూడదు. అడోబో తీసుకుని పక్కన బిస్తెక్ అనే గొడ్డుమాంసం కూర పెట్టించుకుంటే రెండూ సోయా సాసే. సినిగాంగ్‌తో వేయించిన చేప, అడోబోతో లాయింగ్ బాగుంటాయి. లాయింగ్ అంటే ఎండబెట్టిన చేమాకును కొబ్బరిపాలల్లో ఉడికించిన కూర. ఆకు సరిగా ఉడకకపోతే గొంతు దురద పెడుతుంది. చేమాకు వండే మన ఇళ్లలో ఈ జాగ్రత్త పాతదే. తినడానికి కత్తి ఇవ్వరు, కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు. ఫోర్కుతో తోసి చెంచాతో తినాలి. తిన్నాక ట్రే తీసి ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టడం మర్యాద.

ఘాటు లేదని ఫిర్యాదు చేసే తెలుగువాళ్లు సాధారణంగా సగం భోజనమే తిని ఉంటారు. ఫిలిపినో వంటలో ఆఖరి పని తినేవాడిదే. దానికి సావ్‌సావన్ అని పేరు: సోయాలో కలమాన్సి పిండింది, వెనిగర్‌లో సన్న మిరపకాయలు చిదిమింది, చేప ఉప్పునీరైన పాతిస్. కౌంటర్ చివర సీసాలు ఉంటాయి. వేపుడుకు వెనిగర్, చేపకు సోయా-కలమాన్సి, సినిగాంగ్‌లో ముక్కకు పాతిస్‌తో మిరపకాయ. వండినవాళ్లు నాలుగింట మూడొంతులు చేసి, మిగతాది మన చేతికి వదిలేస్తారు. ఆ సీసాల వైపు వెళ్లకుండా తీర్పు చెప్పడం అన్యాయం.

ఈ ట్రేలను నాసిరకం అనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. కొవ్వు ఎక్కువ, ఉప్పు ఎక్కువ, అన్నం మరీ ఎక్కువ. 2017లో ఒక సెనేటర్ హోటళ్లలో ఎంతైనా పెట్టే అన్నాన్ని ఆపాలన్నారు, జనం మండిపడ్డాక వెనక్కి తగ్గారు. శాకాహారులకైతే ఈ కౌంటర్ దగ్గర చాలా కష్టం. కాకర, బెండ, గుమ్మడి వేసిన పినక్‌బెత్‌లో బగోంగ్ ఉంటుంది, పెసల కూరలో మునగాకుతోపాటు పందితోలో ఎండుచేపో ఉంటుంది, లాయింగ్‌లోనూ ఎండురొయ్యలు తగులుతాయి. ‘వాలాంగ్ బాబోయ్’ అంటే పందిమాంసం వద్దని అర్థమవుతుంది గానీ రొయ్య ఆగదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. ఇవి ఆ వంటకున్న లోపాలు, ట్రేకున్నవి కావు. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద వడ్డించినా పినక్‌బెత్‌లో బగోంగ్ ఉండే తీరుతుంది.

నన్ను ఈ ట్రేలు పట్టి ఊపేది మరో కారణానికి. ఫిలిపినోలు పనికోసం ఎక్కడికి వెళ్తే అక్కడికి తమ రోజువారీ ఇంటికూరను తీసుకెళ్లారు. దుబాయ్‌లో సత్వా, కరామా వీధుల్లోనైనా, కాలిఫోర్నియాలో డేలీ సిటీలోనైనా వాళ్ల కౌంటర్‌లో కనిపించేది పండగ వంట కాదు, మంగళవారం మధ్యాహ్నపు వంట. గల్ఫ్‌లో పందిమాంసం తీసేసి కోడి, గొడ్డుమాంసం పెట్టారు, పులుసు మాత్రం మార్చలేదు. అదే కరామాలో మన తెలుగువాళ్లూ వేలల్లో ఉంటారు. డేలీ సిటీ ఉన్న ఆ బే ఏరియాలోనే మన హోటళ్లూ వీధివీధినా ఉన్నాయి. వాటి మెనూ తీయండి. బిర్యానీలు ఒక పేజీ నిండా ఉంటాయి, స్టార్టర్లు ఇంకో పేజీ, గోబీ మంచూరియా తప్పదు. దప్పళం ఎక్కడ? చేమదుంపల పులుసు, అరటిపువ్వు కూర, పప్పుచారు, మునగాకు పప్పు ఎక్కడ? పప్పు అనే మాట కనిపించినా అది వారాంతపు బఫేలో ఒక మూలకు చేరింది. పెళ్లి భోజనాన్ని ప్రపంచానికి చూపించి, ఇంటి భోజనాన్ని దాచుకున్న జాతి మనది. ఈ మాట రాయడం నాకు బాధగానే ఉంది.

మనకు తురో-తురో తెలియక కాదు. హైదరాబాద్‌లో ఏ కాలనీకి వెళ్లినా కర్రీ పాయింట్ ఉంటుంది. పప్పు, పులుసు, వేపుడు, పచ్చడి, సాంబారు గిన్నెల్లో వరసగా పెట్టి ఉంటాయి. జనం వేలు చూపిస్తారు, కవర్లో కట్టి రబ్బరు వేసిస్తారు. అద్దెగదుల్లో ఉండే పిల్లలు, ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లు దాని మీదే బతుకుతున్నాయి. అంత గొప్ప ఏర్పాటుకు మనం కుర్చీ వేయలేదు, పళ్లెం ఇవ్వలేదు, మాల్‌లోకి రానివ్వలేదు. ఫుడ్‌కోర్టుల్లో నిప్పుల మీద ఎగరేసి చూపించే ‘లైవ్ కౌంటర్’కే అద్దె గిట్టుతుందని అంటారు. మనీలా ఫుడ్‌కోర్టుల్లోని ఆ బారులే దానికి జవాబు. ఒక వంటమనిషి పొద్దున నాలుగు గంటల్లో పది కూరలు వండి దిగిపోతే, ఇద్దరు వడ్డించేవాళ్లతో మధ్యాహ్నమంతా నడిచే దుకాణం అది. కూరకోసం ఎవరూ పదిహేను నిమిషాలు నిలబడరు.

పులుపు విషయంలోనూ మనకు లోటు లేదు. అడోబోను వెనిగర్ నిలబెట్టినట్టే పులుసును చింతపండు నిలబెడుతుంది. బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, చేపల పులుసు, గోంగూర మటన్ రెండు గంటలు ఆవిరి మీదుంటే రుచి పెరుగుతుందే తప్ప తరగదు. విదేశాల్లో తెలుగు హోటల్ నడిపేవాళ్లు వారంలో ఒక్క మధ్యాహ్నం ఎనిమిది ట్రేలు పెట్టి చూడాలి: రెండు పులుసులు, ఒక పప్పు, ఒక ఆకుకూర, ఒక మాంసం, ఒక చేప, ఒక కూరగాయ ముద్దకూర, చారు. అన్నంతో రెండు కూరలకు ఒక ధర, మూడింటికి ఒక ధర. బెండకాయ వేపుడు, అప్పడాలు మాత్రం ఆవిరి దగ్గరికి రానివ్వకూడదు, లెచోన్ తోలుకు పట్టిన గతే వాటికీ పడుతుంది. వేపుడు అరగంటకోసారి చిన్న మూకుడులో చేసి పొడిగా పెట్టాలి. గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, నెయ్యి, ఉల్లిపాయ ముక్కలు కౌంటర్ చివర వదిలేయాలి, ఎవరికి కావాల్సింది వాళ్లు వేసుకుంటారు. పెరుగు గిన్నె ఐసు మీద పెట్టాలి.