నంబర్ ఏడు లక్షల లోపుంటే కళ్లు మూసుకుని కొనేయాలా?

ఇక్కడ టెక్సస్‌లో జింకల వేట సీజన్ దగ్గర పడితే చాలు, మనవాళ్లలో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: "పాత వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ దొరికితే సీరియల్ నంబర్ చూడండి. 7,00,000 లోపుంటే అది 1964కి ముందుది, అంతా ఒరిజినలే. బోల్ట్ లేకపోయినా పర్లేదు, ఇంకో మోడల్ 70ది వేస్తే సరి. తుప్పు గీకి, కొత్తగా బ్లూయింగ్ చేయించి, చెక్క నున్నగా రుద్దితే రేటు డబుల్." (బోల్ట్ అంటే తూటాని లోపలికి తోసి వెనక నుంచి మూసే ఇనుప కడ్డీ, బ్లూయింగ్ అంటే ఇనుము తుప్పు పట్టకుండా వేసే నల్లటి పూత.) ఇందులో నిజం ఒక్కటే, అదీ సగమే. ఆ సంగతి నాకు డబ్బులు పోయాక తెలిసింది కాబట్టి కాస్త ఘాటుగానే రాస్తున్నా.

ముందు నంబర్ సంగతి. 1936లో తయారీ మొదలైన పాత డిజైన్ 5,81,000 చిల్లర దగ్గర ఆగిపోయింది, మార్చిన డిజైన్‌కి 1964లో 7,00,000 నుంచి నంబర్లు వేశారు. ఆ గీత వరకు ఒప్పుకుంటాను. కానీ ఆ నంబర్ ఉండేది రిసీవర్ మీద, అంటే బ్యారెల్ (గొట్టం), బోల్ట్ అమరే నడిమి ఇనుప భాగం మీద, అది చెప్పేది రిసీవర్ వయసు మాత్రమే. బ్యారెల్ వయసు బ్యారెల్‌నే అడగాలి. చెక్క ఊడదీస్తే బ్యారెల్ అడుగున, రిసీవర్‌కి కాస్త ముందు రెండంకెలు కొట్టి ఉంటాయి, అదే సంవత్సరం. రిసీవర్‌కీ దానికీ ఏడాది అటూ ఇటూ తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. నేను కొన్నదాంట్లో రిసీవర్ 1950ల మొదట్లోది, బ్యారెల్ అడుగున మాత్రం 61. అమ్మినాయన దాన్ని "ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది సార్" అని చేతిలో పెట్టాడు, నేను చెక్క విప్పమని అడగలేదు, తప్పు నాదే.

చెక్క ఊడదీసేటప్పుడు ఒక జాగ్రత్త. ట్రిగ్గర్ గార్డ్ దగ్గర మూడు స్క్రూలు తీసేసి ఇంక వచ్చేస్తుందని లాగకండి. మామూలు మోడల్ 70లో ముందు భాగంలో, చెక్క అడుగు నుంచి బ్యారెల్‌లోకి ఇంకో స్క్రూ ఉంటుంది. దాన్ని మర్చిపోయి లాగితే వాల్‌నట్ చెక్క పగులుతుంది. మళ్లీ బిగించేటప్పుడు ఆ మూడింటిలో మధ్యది ఊరికే ఆనేలా పెట్టాలి, బలం చూపించకూడదు. స్క్రూ తలల మీద గాటు చెదిరిపోయి ఉంటే సరిపడని స్క్రూడ్రైవర్‌తో ఎవరో ముందే చెయ్యి పెట్టారని అర్థం. కొనేముందు నేను మొదట చూసేది ఇప్పుడు అదే.

ఇక బోల్ట్. ఆ మెసేజ్ రాసినాయన ఎప్పుడైనా అలా మార్చిన రైఫిల్ పేల్చాడో లేదో తెలీదు గానీ, ప్రమాదమంతా ఇక్కడే ఉంది. తూటా ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) ఆనే చోటికీ మూసిన బోల్ట్ ముఖానికీ మధ్య కొలతని హెడ్‌స్పేస్ అంటారు. ఇది ఇంచులో వెయ్యో వంతుల లెక్క. అది ఎక్కువైతే పేలినప్పుడు ఇత్తడి కేస్ సాగి, అడుగు దగ్గర తెగి, వేడి గ్యాస్ వెనక్కి, అంటే మీ మొహం వైపు తన్నొచ్చు. పైగా .30-06 అనే మామూలు సైజు తూటా బోల్ట్ ముఖం వేరు, అడుగు వెడల్పుగా ఉండే మాగ్నమ్ తూటాలది వేరు. 1964కి ముందు బోల్ట్‌కి పక్కన పొడవాటి పట్టీలా ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన కేస్‌ని పట్టి బయటికి లాగేది) ఉంటుంది, తర్వాతి డిజైన్‌లో ఆ పట్టీ లేదు, బోల్ట్ ముఖంలో చిన్న ముక్క పెట్టారు. (1992లో పట్టీ ఉన్నదాన్ని మళ్లీ తెచ్చారు, కాబట్టి పట్టీ కనిపించగానే పాతదనుకోకండి.) బోల్ట్ అడుగున రిసీవర్ నంబరే ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో గీసి ఉండాలి. ఆ గీత చెయ్యి తిరిగినవాడు ఎవడైనా గీయగలడు, అందుకే నంబర్ కలిసినా గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర హెడ్‌స్పేస్ కొలిచే గేజ్ పెట్టించాల్సిందే. నాదాంట్లో నంబర్ కలవనే లేదు. గన్‌స్మిత్ నో-గో గేజ్ (హెడ్‌స్పేస్ ఎక్కువైందేమో చూసే కొలత ముక్క) పెట్టి బోల్ట్ తిప్పితే హాయిగా మూసుకుంది. దాని మీద మూసుకోకూడదు. ఆయన నా వైపు చూసి, "దీంతో ఎన్ని పేల్చావ్?" అన్నాడు. అదృష్టం, ఒక్కటీ లేదు.

రేటు డబుల్ అన్నది శుద్ధ అబద్ధం. పాత మోడల్ 70 కొనేవాళ్లు డబ్బిచ్చేది ఫ్యాక్టరీ పూతకీ, చేత్తో చెక్కిన చెకరింగ్‌కీ (పట్టు కోసం చెక్క మీద కోసిన గళ్ల గీతలు). మళ్లీ బ్లూయింగ్ చేయాలంటే ముందు ఇనుము పాలిష్ పట్టాలి, అప్పుడు బ్యారెల్ మీది అక్షరాల అంచులు అరిగి, సబ్బు మీద రాసినట్టు తయారవుతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ గుంట పడుతుంది. చెక్కని ఉప్పుకాగితంతో రుద్దినా దాగదు. వెనక, భుజానికి ఆనే ఇనుప బట్ ప్లేట్ అంచు మీద గోరు పెట్టి చెక్క వైపు లాగండి. ఫ్యాక్టరీది సమంగా ఉంటుంది, రుద్దినదైతే చెక్క కిందికి దిగి ప్లేట్ గట్టులా మిగులుతుంది, గోరు అక్కడ తట్టుకుంటుంది. యుద్ధానికి ముందువాటిలో రిసీవర్ వెనక వంతెన (బోల్ట్ మీదుగా వెళ్లే ఇనుప భాగం) మీద స్కోప్ కోసం తర్వాత ఎవరో వేసిన రంధ్రాలు కూడా ధర తగ్గించేవే.

మన ఊళ్లలో తాతల నాటి లైసెన్స్ తుపాకీ ఉన్నవాళ్లు ఇది చదివి ఇంట్లో ప్రయోగాలు చేయకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేర్‌కి కూడా లైసెన్స్ కావాలి, ఆ లైసెన్స్ ఉన్న డీలర్‌కే ఇవ్వండి.

నా రైఫిల్‌కి వేరే బోల్ట్ సరిచూసి అమర్చడానికి మూడు నెలలు పట్టింది. బ్యారెల్ ఆ 61దే ఉంచేశాను. తుప్పు మచ్చల మీద నూనె వేసి, నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో మెల్లగా తుడిచాను, అంతకు మించి దాని జోలికి పోలేదు. ట్రిగ్గర్ గార్డ్ మీద, ఎవరి వేలో ఏళ్ల తరబడి ఆనిన చోట, నలుపు పోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. దాన్ని కూడా అలాగే వదిలేశాను.