చారల చొక్కా ఆయనకు కళ్ళు లేవు, మాకున్నాయి

నేను కుస్తీ నిపుణుడినై పద్నాలుగు నెలలు దాటింది. అంతకుముందు నేను పట్టిన కుస్తీలన్నీ ఇంజనీరింగ్‌లో లెక్కల పేపర్లతోనే. మావాడు ఇక్కడ న్యూజెర్సీలో హైస్కూల్లో చేరగానే, ముచ్చటపడి కొనిచ్చిన టెన్నిస్ రాకెట్‌ని గ్యారేజీలో పడేసి, 126 పౌండ్ల వెయిట్ క్లాసులో రెజ్లింగ్ చేస్తానన్నాడు. 126 పౌండ్లంటే సుమారు 57 కిలోలు, అంటే రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు, పైన ఏడు కిలోల కందిపప్పు. ఇక అప్పటి నుంచి చలికాలమంతా, వారం మధ్యలో ఓ సాయంత్రం, శనివారమైతే పొద్దున్నుంచి రాత్రి దాకా, తడి సాక్సుల వాసనొచ్చే జిమ్ముల్లో బ్లీచర్స్ చెక్కల మీద కూర్చుని చారల చొక్కా రిఫరీలకు నియమాలు నేర్పిస్తున్నాను. అరిచి మరీ నేర్పిస్తున్నాను. వాళ్ళే నేర్చుకోవడం లేదు.

అందుకని బాగా ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. హైస్కూల్ రెజ్లింగ్‌లో రిఫరీ అనే ఉద్యోగాన్ని రద్దు చేసి, ఆ విజిల్ తల్లిదండ్రులకు ఇచ్చేయాలి. నవ్వకండి, మొత్తం చదవండి.

మన దగ్గర కుస్తీలో వీపు మట్టికి అంటితే చిత్తు, కథ ముగిసింది, పహిల్వాన్ లేచి మట్టి దులుపుకుని ఇంటికెళ్తాడు. ఇక్కడ అలా కాదు. ఇండియానాపోలిస్‌లో హైస్కూల్ ఆటల జాతీయ సమాఖ్య ఒకటుంది, నియమాల పుస్తకం అక్కడ తయారవుతుంది, అందులో ప్రతిదానికీ కొలత ఉంది. రెండు నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. రెండు భుజాలో రెండు రెక్కల ఎముకలో మ్యాట్‌కి ఆని రెండు సెకన్లు నిలబడితేనే పిన్ (కాలేజీలో ఒక్క సెకను చాలు, అక్కడి పిల్లలు తొందరగా ఒప్పుకుంటారు కాబోలు). పదిహేను పాయింట్ల తేడా వస్తే మ్యాచ్ అక్కడితో ఆపేస్తారు. సీజన్ మొదట్లో పిల్లాడి చేత గ్లాసులో మూత్రం పోయించి, ఒంట్లో నీళ్ళు సరిపడా ఉన్నాయో లేదో చూస్తారు. ఆ తర్వాత కొవ్వు కొలుస్తారు. మగపిల్లలకు 7 శాతం, ఆడపిల్లలకు 12 శాతం కంటే కిందికి పోయేలా బరువు తగ్గకూడదు, అదీ వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతానికి మించి తగ్గకూడదు. ఈ నియమం మీద మాత్రం నేను జోకులెయ్యను. 1997లో బరువు తగ్గించుకోబోయి ఆరు వారాల్లోపు ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళు చనిపోయారు. ఆ తర్వాతే ఈ లెక్కలన్నీ గట్టిగా పట్టుకున్నారు.

మా అమ్మకి మాత్రం ఇదంతా వింత. ఆర్నెల్లుండి పోదామని తెనాలి నుంచి వచ్చింది. "బిడ్డ ఒంట్లో కొవ్వెంతుందో బళ్ళో చూస్తారుట్రా, మరి నీ ఒంట్లోది ఎవరు చూస్తారు?" అంది నన్ను. 2024లో పారిస్‌లో వినేశ్ ఫోగట్‌ని 100 గ్రాములు ఎక్కువుందని ఫైనల్ రోజు పక్కనబెట్టిన దగ్గర్నుంచి మన బంధువుల్లో బరువు నిపుణులు కూడా పెరిగారు, వాళ్ళంతా వాట్సాప్‌లో మా అమ్మకి సలహాలిస్తుంటారు. పిల్లలు పెరిగే వయసు కాబట్టి సీజన్ మధ్యలో రెండు పౌండ్లు సడలింపు ఉందని చెప్తే కాస్త శాంతించి, ఆ రెండు పౌండ్లూ సంక్రాంతి అరిసెలకే ఇచ్చారనుకుని, ఆ ప్రకారం పాకం పట్టేసింది.

అసలు కథ ఓ శనివారం జరిగింది. పొద్దున్నే మనవడిని కూర్చోబెట్టి తలకి కొబ్బరినూనె పెట్టింది, మామూలుగా కాదు, మాడు చల్లబడేలా. మ్యాచ్‌లకి ముందు రిఫరీ పిల్లల్ని వరసగా నిలబెట్టి గోళ్ళు, చర్మం మీద తామర లాంటి మచ్చలు, జుట్టు అన్నీ చూస్తాడు. ఒంటి మీద నూనె, జిడ్డు ఏదీ ఉండకూడదు. మావాడి తల మీద చెయ్యి పెట్టి, ఆ చేతిని వెనక్కి తీసుకుని చూసుకున్నాడాయన. ఏమీ అనలేదు. తలుపు వైపు చూపించాడు. మావాడు బాత్రూములో చేతులు కడుక్కునే సబ్బుతో మూడుసార్లు తల రుద్దుకుని, పిచ్చుకలు గూడు పెట్టుకునేలాంటి జుట్టుతో తిరిగొచ్చాడు. నేను బ్లీచర్స్‌లో "ఇది మా సంస్కృతి" అని లేవబోతుంటే అమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "కూర్చోరా, నూనె ఉంటే పట్టు జారుతుంది కదా. నేను పెట్టింది అందుకే." ఆ జిమ్ములో నియమం ఎందుకుందో తెలిసిన మనిషి రిఫరీ తర్వాత ఆవిడొక్కతే.

ఈ తల మీద చెయ్యి పెట్టే అధికారం అన్నిసార్లూ నవ్వులాటగా ఉండదు. ఇదే న్యూజెర్సీలో 2018 డిసెంబరులో ఒక నల్లజాతి కుర్రాడి జడలు, దాని మీది కవరు నిబంధనల ప్రకారం లేవని రిఫరీ అన్నాడు. తొంభై సెకన్లలో జుట్టు కత్తిరించుకుంటావా, మ్యాచ్ వదులుకుంటావా అని అడిగితే, అందరూ చూస్తుండగా మ్యాట్ పక్కనే కత్తెర పెట్టి కత్తిరించారు. ఆ కుర్రాడు గెలిచాడు, గెలిచిన మొహంలా మాత్రం లేదు. 2019లో ఆ రిఫరీని రెండేళ్ళు పక్కనపెట్టారు, 2021లో జుట్టు పొడవు నియమాన్నే పుస్తకంలోంచి తీసేశారు. ఆ వీడియో మేమంతా చూశాం, ఫార్వర్డ్ చేశాం. మేం వారం వారం గొంతులు చించుకునేది మాత్రం వేరే విషయాలకి.

ముఖ్యంగా టేక్‌డౌన్‌కి. నిలబడి ఉన్నవాణ్ణి కింద పడేసి అదుపులోకి తెచ్చుకుంటే టేక్‌డౌన్. నేను శ్రద్ధగా యూట్యూబ్‌లో పాత మ్యాచ్‌లన్నీ చూసి, దానికి రెండు పాయింట్లని బట్టీపట్టి మొదటి మ్యాచ్‌కి వెళ్ళాను. ఆయన అవతలి పిల్లాడికి మూడు వేళ్ళు చూపించాడు! ఒక్క గెంతున లేచాను. నాతోపాటు, పెద్దకొడుకు కాలం నుంచి పదేళ్ళుగా ఈ చెక్కల మీదే కూర్చుంటున్న ఒకాయన కూడా లేచాడు. ఇద్దరం కలిసి "టూ! టూ!" అని అరిచాం. 2024-25 సీజన్ నుంచి టేక్‌డౌన్‌ని మూడు చేశారని మాకు చెప్పింది ముందు వరసలో పాప్‌కార్న్ తింటున్న ఆరేళ్ళ పిల్ల. అదే ఏడాది మ్యాట్ మీది హద్దు గీత నియమం కూడా మార్చారు, ఇద్దరిలో ఎవరిదైనా ఒక్క బొటనవేలు గీత లోపల ఆని ఉంటే చాలు, ఆట నడుస్తున్నట్టే. కబడ్డీలో బొటనవేలు బయట పడితే అవుట్, ఇక్కడ బొటనవేలు లోపలుంటే ఇన్, చిన్నప్పుడు కబడ్డీ ఆడినవాడు ఇది చూసి టెన్షన్ పడక ఏం చేస్తాడు? దానికి తోడు రిఫరీ ఎడమ చేతికి ఎర్ర పట్టీ, కుడి చేతికి ఆకుపచ్చ పట్టీ. ఏ చెయ్యెత్తితే ఆ రంగు పిల్లాడికి పాయింటు. మన బళ్ళో అయితే మనది ఆకుపచ్చ, బయటికెళ్తే ఎరుపు. నేనొక మ్యాచంతా అవతలివాడికి చప్పట్లు కొట్టాను. వాళ్ళమ్మ థాంక్స్ కూడా చెప్పింది.

సరే, ఇవన్నీ లెక్కలు, రెండు వారాల్లో వచ్చేస్తాయి. రానిది ఒకటుంది, "అదుపు". సెకన్లకీ గ్రాములకీ కొలతలున్న ఆ పుస్తకంలో, అన్నింటికన్నా ఎక్కువ పాయింట్లు ఆధారపడ్డ ఈ ఒక్కమాట దగ్గరికొచ్చేసరికి కొలత లేదు, ఆయన చూడాలి, ఆయనకనిపించాలి, అంతే. ఇద్దరు పిల్లలు జంతికల్లా చుట్టుకుపోయి ఏ కాలు ఎవరిదో వాళ్ళకే తెలియనప్పుడు, ఆ చారల చొక్కా ఆయన పొట్ట మీద పడుకుని, చెంప మ్యాట్‌కి ఆనించి, భుజం కింద వేలు దూరే సందుందా లేదా అని చూస్తుంటాడు. మేం నలభై అడుగుల దూరంలో, ఎదురుగా ఎవరిదో వీపు, చేతిలో ఫోను, ఫోనులో జూమ్. అయినా మాకు స్పష్టంగా కనిపిస్తుంది. ఎప్పుడూ మావాడికే అదుపున్నట్టు కనిపిస్తుంది, అదే మా చూపు గొప్పతనం.

స్టాలింగ్ కూడా ఇంతే. ఆడకుండా కాలం గడుపుతున్నాడని రిఫరీకి తోస్తే మొదట హెచ్చరిక, తర్వాత అవతలివాడికి ఒక పాయింటు, మళ్ళీ ఒకటి, ఆ పైన రెండు, అప్పటికీ మారకపోతే ఆట నుంచే బయటికి. ఎదుటివాడు వెనక్కి వెనక్కి నడిస్తే అది స్టాలింగ్, పట్టపగలు దోపిడీ. మావాడు వెనక్కి నడిస్తే ఊపిరి తీసుకుంటున్నాడు, వ్యూహం ఆలోచిస్తున్నాడు. చెయ్యి కూడా కలిపి పట్టకుండా తల ఒక్కటే బిగించి పట్టడం తప్పు. వాళ్ళబ్బాయి అలా పడితే "పీక! పీక!" అని మా అమ్మతో సహా అందరం లేస్తాం, మావాడు పడితే "పట్టు బాగా కుదిరింది" అంటాం. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఈ సామెత ఇండియానాపోలిస్ వాళ్ళకి తెలిసుంటే పుస్తకంలో సగం పేజీలు మిగిలేవి.

కోచ్‌కి ఒక దారి ఉంది. స్కోరర్ టేబుల్ దగ్గరికెళ్ళి, నియమాన్ని తప్పుగా వాడారని రిఫరీని అడగొచ్చు. నీ కంటికి తప్పుగా కనిపించిందని మాత్రం అడక్కూడదు, దాన్ని జడ్జిమెంట్ కాల్ అంటారు, దాని మీద అప్పీలు లేదు. అడిగింది నిలబడకపోతే మొదట హెచ్చరిక, తర్వాత టీం పాయింట్లు పోతాయి. భీముడు దుర్యోధనుణ్ణి తొడ మీద కొట్టినప్పుడు బలరాముడు నాగలెత్తుకుని వెళ్ళింది ఈ టేబుల్ దగ్గరికే. పాపం, ఆయన దగ్గరున్నది అక్షరాలా నియమం తప్పిన కేసు, నాభి కింద కొట్టకూడదు. అయినా టేబుల్ దగ్గర కూర్చున్నది తమ్ముడాయె, అందుకని కేసు కొట్టేశారు.

కాబట్టి నా ప్రతిపాదన ఏంటంటే, ప్రతి బౌట్‌కీ ఆ ఇద్దరి పిల్లల తండ్రులు చెరో విజిల్ పట్టుకుని మ్యాట్ మీదుండాలి. ఇద్దరూ ఒకేసారి ఊదితేనే పాయింటు. అలా ఇంతవరకూ ఎక్కడా జరగలేదు కాబట్టి మ్యాచ్‌లన్నీ సున్నా సున్నాగా ముగుస్తాయి, పిల్లలు త్వరగా ఇంటికొచ్చి హోంవర్క్ చేసుకుంటారు. తగువొస్తే తల్లుల ఫోన్ వీడియోదే తుది తీర్పు. ఇందులో చిన్న ఇబ్బంది ఉందని ఒప్పుకుంటాను. మా ఆవిడ తీసిన వీడియోలు నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నింట్లోనూ రెండు నిమిషాలు చక్కగా మ్యాట్ కనిపిస్తుంది, సరిగ్గా టేక్‌డౌన్ దగ్గర జిమ్ము పైకప్పు, ట్యూబులైట్లు, ఒక కేక, తర్వాత పక్కనున్నావిడ బూట్లు.

ఈ ప్రతిపాదన పంపేముందు కాస్త అనుభవం ఉంటే బావుంటుందని, మా బళ్ళో జరిగిన మీట్‌లో టేబుల్ డ్యూటీకి మనుషులు తక్కువయ్యారంటే నేనే చెయ్యెత్తాను. నాకొక తువ్వాలు ఇచ్చారు. గట్టిగా చుట్టి టేపు వేసిన తువ్వాలు. పని ఒక్కటే. పీరియడ్ చివర్లో మ్యాట్ పక్కకెళ్ళి, రిఫరీ వెనకాల ఒంగి నిలబడి, టైమ్ అయిపోగానే దాంతో ఆయన్ని తట్టాలి. ఆ గోలలో చెంప మ్యాట్‌కి ఆనించుకున్న మనిషికి బజర్ వినిపించదు కదా, అందుకు.

మావాడి బౌట్. మూడో పీరియడ్ చివర, 4-1తో మావాడిదే పైచేయి. అవతలివాడు కాళ్ళ మీదికి దూకాడు. పద్నాలుగు నెలల్లో మొదటిసారి నేను ఆరడుగుల దూరంలోంచి చూస్తున్నాను. మావాడి చెవి పక్కన ఒక మోచెయ్యి, ఎవరిదో మోకాలు, ఒక చెయ్యి నడుం చుట్టూ పోతోంది, పోయిందా, ఇంకా లేదా, వాడి ఊపిరి నాకు వినిపిస్తోంది. రిఫరీ చెయ్యెత్తాడు. మూడు వేళ్ళు. 4-4.

అప్పుడు చేతిలో తువ్వాలుందని గుర్తొచ్చింది.

టేబుల్ దగ్గర పిల్ల గడియారం సున్నాకొచ్చేసిందని అంటోంది. రిఫరీ నా వైపు తిరిగి చాలా మర్యాదగా, "టైమ్ అయ్యేసరికి పట్టు కుదిరిందా, ఇంకా లేదా, మీకేం కనిపించింది సర్?" అని అడిగాడు. జిమ్మంతా నా వైపే చూస్తోంది. పద్నాలుగు నెలలుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అది. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. చూశాను కానీ, ఏది ముందో నిజంగా తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో పై వరస నుంచి తెలుగులో ఒక గొంతు వినిపించింది, "ఏవండీ, కళ్ళెక్కడ పెట్టుకున్నారు!"

ఆయన తన నిర్ణయం తనే ఉంచుకున్నాడు. ఒక నిమిషం ఓవర్‌టైమ్. అందులో ఏమైందో రాయను, మావాడు తెలుగు చదవగలడు.

తర్వాతి బౌట్‌కి ఆ తువ్వాలు ఎనిమిదో తరగతి పిల్ల చేతికిచ్చారు. సరిగ్గా బజర్‌తోపాటే రిఫరీ వీపు మీద టప్‌మని తట్టింది. ఎలా కుదిరిందా అని రెండో పీరియడ్‌లో ఆ పిల్లనే గమనించాను. మ్యాట్ వైపు అసలు చూడలేదు, గడియారాన్నే చూస్తూ నిలబడింది.