‘నాలుగు పీఆర్‌లు పెట్టు, ఉద్యోగం పట్టు’ అనే ఫార్వర్డ్‌కు జవాబు

ఈ మెసేజ్ మా బ్యాచ్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. బీటెక్ చదివే మా పిన్నిగారబ్బాయి కూడా పంపి ‘అన్నయ్యా, ట్రై చేయనా?’ అన్నాడు. సారాంశం ఇదీ: కోడ్ అందరికీ తెరిచి పెట్టిన (ఓపెన్ సోర్స్) పెద్ద పైథాన్ ప్రాజెక్టు ఒకటి పట్టుకోండి. కోడింగ్ రాకపోయినా రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం ఉండే ఫైలు) ఓ మాట మార్చి పీఆర్ (పుల్ రిక్వెస్ట్, అంటే ‘నా మార్పు చేర్చుకోండి’ అనే అభ్యర్థన) పెట్టండి. బగ్ (కోడ్‌లో తప్పు) అయితే సవరణ ఏఐతో రాయించి పంపండి, తప్పులుంటే వాళ్లే దిద్దుకుంటారు, వాళ్లకు గూగుల్ జీతమిస్తుంది. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో మీ ప్రొఫైల్లో, పని చేసిన రోజుకొకటిగా పడే పచ్చ గడులు నిండితే హెచ్ఆరే ఫోన్ చేస్తారు. ఇలాంటి ప్రాజెక్టుల్లో పనిచేసే కొత్తవాళ్లకు గూగుల్ డబ్బిచ్చే సమ్మర్ ఆఫ్ కోడ్‌లో లక్షలొస్తాయి.

పచ్చ గడుల సంగతి ముందు తేల్చేద్దాం. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో కమిట్‌కు (సేవ్ చేసిన ఒక్కో మార్పుకు) మనం ఏ తేదీ వేస్తే అదే తేదీ. ఓ చిన్న స్క్రిప్టు రాస్తే పోయిన ఏడాదంతా పచ్చగా చేసుకోవచ్చు. ఇది ఇంటర్వ్యూ చేసేవాళ్లకు తెలియదనుకోవడం అమాయకత్వం. వరుసగా ఎన్ని రోజులు కమిట్ చేశామో చూపే లెక్కను గిట్‌హబ్ 2016లోనే తీసేసింది కూడా.

సమ్మర్ ఆఫ్ కోడ్‌లో డబ్బులొస్తాయి, నిజమే. ఎంత అనేది దేశాన్ని బట్టి, ప్రాజెక్టు సైజును బట్టి ఉంటుంది. సింపై (గణితానికి వాడే పైథాన్ ప్రాజెక్టు) లాంటి చోట అప్లికేషన్ పెట్టాలంటే ముందు ప్యాచ్ (కోడ్ సవరణ) పంపి తీరాలి. ఆ ప్యాచ్ రీడ్‌మీలో కామా కాదు.

ఇక గూగుల్ జీతం. అంకెల లెక్కలకు వాడే పైథాన్ ప్రాజెక్టు నమ్‌పై 1.0 వచ్చింది 2006లో. ఆ ప్రాజెక్టుకు మొదటి గ్రాంట్ వచ్చింది 2017లో. ఆ మధ్య కాలమంతా దాన్ని ఎక్కువగా వలంటీర్లే సొంత ఉద్యోగాలూ చదువులూ చూసుకుంటూనే నడిపారు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగోలో జీతం తీసుకునే ఫెలోలు (ప్రాజెక్టు నిర్వహణ చూసేవాళ్లు) ఉన్నారు, కాదనను. ఆ జీతం జాంగో ఫౌండేషన్ విరాళాలు పోగుచేసి ఇచ్చేది.

రీడ్‌మీ సలహా కొత్తదేం కాదు. 2020 అక్టోబరులో దీని దెబ్బ అందరూ చూశారు. ఏటా అక్టోబరులో ఓపెన్ సోర్స్ కోసం జరిగే హాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు పీఆర్‌లు పెడితే టీషర్టు అన్నారు. మన దేశంలోనే ఎవరో వీడియో చేసి, రీడ్‌మీలో ఎలా వేలు పెట్టాలో చూపించారు. ఇంకేముంది, ముక్కూమొహం తెలియని ప్రాజెక్టులన్నిటికీ ‘అమేజింగ్ ప్రాజెక్ట్’ అనే మాట చేర్చిన పీఆర్‌లు వచ్చిపడ్డాయి. నిర్వాహకులు అక్టోబరు 3కల్లా రూల్ మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పోటీని పరిమితం చేశారు. 2023లో ఆ టీషర్టులూ ఆపేశారు.

అసలు ప్రమాదం మాత్రం ‘ఏఐతో రాయించి పంపండి, వాళ్లే దిద్దుకుంటారు’ అన్న ముక్కలో ఉంది. ఏఐ వాడటం తప్పని నేననను, నేనూ వాడతాను. కానీ ఈ సలహా పాటించినవాళ్ల పీఆర్ ఎలా ఉంటుందో చూడండి. నాలుగు లైన్లలో పోయే బగ్‌కు నాలుగొందల లైన్ల మార్పు. కోడ్ సరిగ్గా నడుస్తోందో చూసే టెస్టులన్నీ పాస్! ఎందుకంటే ఫెయిలయ్యే టెస్టునే మార్చేశారు. ‘ఈ కండిషన్ ఎందుకు పెట్టారు?’ అని రివ్యూయర్ అడిగితే, ఆ ప్రశ్నను మళ్లీ ఏఐకే అతికించి, ‘గ్రేట్ క్వశ్చన్!’తో మొదలయ్యే అరపేజీ జవాబు. మధ్యలో మీరెందుకు నాయనా, కొరియర్ బాయ్‌లా?

రాయడానికి అర నిమిషం. అది తప్పని నిరూపించడానికి ఒక మనిషి సాయంత్రం మొత్తం. పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌లో సెక్యూరిటీ పని చూసే సేత్ లార్సన్ 2024 డిసెంబరులోనే ఈ గోడు వెళ్లబోసుకున్నారు. ఏఐ రాసిన సెక్యూరిటీ రిపోర్టులు పైకి నిజంలాగే కనిపిస్తాయి, కాబట్టి ప్రతిదాన్నీ కూర్చుని పరిశీలించాల్సిందే. పైథాన్ భాష అసలు కోడ్ ఉండే సీపైథాన్‌లో తెరిచి ఉన్న పీఆర్‌లే వెయ్యికి పైగా ఉంటాయి. నెల రోజులు కష్టపడి బగ్ పట్టుకున్న మీ క్లాస్‌మేట్ పీఆర్ కూడా ఆ క్యూలోనే ఉంటుంది, మీ చెత్త వెనకాల. ఫార్వర్డ్ రాసిన మహానుభావుడికి ఇది తట్టలేదు. లేదా తట్టింది గానీ, ఆ మెసేజ్ కింద కోర్సు లింకు ఉంది కదా.

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోవాలి. ‘కోడింగ్ రాకపోయినా’ అన్నది పూర్తిగా అబద్ధం కాదు. డాక్యుమెంటేషన్‌లో నిజంగా అచ్చుతప్పు ఉంటే, దిద్దడానికి సీపైథాన్‌లో ఇష్యూ (సమస్యను నమోదు చేసే పోస్టు) కూడా తెరవనక్కర్లేదు. నేరుగా పీఆర్ పెట్టొచ్చు, మార్పులు పంపేవాళ్ల అగ్రిమెంట్ మీద సంతకం చేస్తే చాలు. జాంగోలో తెలుగు అనువాదం ఉంది. దానికి పని చేయాలంటే ట్రాన్సిఫెక్స్ అనే అనువాదాల సైటులో చేయాలి, పీఆర్ పెట్టకూడదు. దానికి పచ్చ గడి పడదు కాబట్టి ఈ మెసేజ్‌లో దాని ఊసే లేదు.

కాస్త పైథాన్ వచ్చినవాళ్లు డేటా విశ్లేషణకు వాడే పాండాస్‌లో ‘నీడ్స్ టెస్ట్స్’ లేబుల్ ఉన్న ఇష్యూలు వెతకండి. అవి ఇప్పటికే పోయిన బగ్‌లు, మళ్లీ రాకుండా టెస్టు రాసేవాళ్లు కావాలి. ఇష్యూలో ఉన్న కోడ్‌ను మెయిన్ బ్రాంచ్ (ప్రాజెక్టు తాజా కోడ్) మీద నడిపి చూడండి. జవాబు సరిగ్గా వస్తోందా? అయితే దాన్నే టెస్టుగా మార్చి, పైన కామెంట్లో ఇష్యూ నంబరు వేయండి. ‘సర్, ప్లీజ్ అసైన్ మీ’ అని బతిమాలనక్కర్లేదు. ‘టేక్’ అని కామెంట్ పెడితే మీ పేరున పడుతుంది. రివ్యూకు వారాలు పట్టొచ్చు. ఆలోగా ‘ఎనీ అప్‌డేట్?’ అని రోజూ గిల్లకండి.