స్టీరింగ్ నట్టుకు గ్యాస్ మంట పెట్టకండి

మొన్న ఆదివారం దేవరకొండలో ఒక షెడ్డు ముందు నుంచి పోతున్నాను. పాత జీపు ఒకటి జాకీ మీద ఉంది. ముందు చక్రం పక్కన ఒక పిల్లగాడు కూర్చుని టై రాడ్ ఎండ్ మీద, అంటే రెండు ముందు చక్రాలను కలిపి తిప్పే కడ్డీ కొన మీద, గ్యాస్ మంట పెట్టాడు. రబ్బరు కాలుతున్న వాసన రోడ్డు దాకా వస్తోంది. నాకు సంబంధం లేని బండి, ముఖపరిచయం లేని మనుషులు. అయినా దిగి వెళ్ళి "తమ్ముడూ, ముందు ఆ మంట ఆర్పు" అన్నాను.

జీపు ఓనరు పక్కనే స్టూలు మీద ఉన్నాడు. "అన్నా, పొద్దుగాల్నుంచి ఆ ఒక్క నట్టు మీదనే ఉన్నం. కదుల్తనే లేదు. రేపు తెల్లారి పత్తి ఏరెటోళ్ళను చేనుకు తీస్కపోవాలె" అన్నాడు. ఆ బండిలో రేపు పన్నెండు మంది కూర్చుంటారు. వాళ్ళను తీసుకుపోవాలన్న తొందరలోనే, వాళ్ళ ప్రాణాలు ఆధారపడిన ముక్కను కాలుస్తున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. పాత జీపు, పాత ట్రాక్టరు, పాత అంబాసిడర్ ఉన్నవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి.

ఇంజన్ ఆగిపోతే బండి రోడ్డు పక్కన నిలబడుతుంది. బ్రేకు తగ్గితే గేరు దించి, హ్యాండ్ బ్రేకు లాగి ఏదో తంటాలు పడవచ్చు. టై రాడ్ ఊడితే మాత్రం ఒక చక్రం ఒక దిక్కు, రెండో చక్రం ఇంకో దిక్కు పోతాయి. అప్పుడు డ్రైవరు ఎంత మొనగాడైనా చేయగలిగింది ఏమీ లేదు.

ఇది నాకు పుస్తకాల్లో తెలిసిన సంగతి కాదు. మా ఇంట్లో 1990ల నాటి జీపు ఉంది. నాన్న కొన్నది, కొన్నాళ్ళు దేవరకొండ, డిండి మధ్య సర్వీసు నడిపాడు, ఇప్పుడు పొలం పనులకు వాడుతున్నాం. మూడేళ్ళ కింద స్టీరింగ్‌లో ప్లే, అంటే వదులు, బాగా ఎక్కువైందని విప్పించాను. ఎడమ పక్క ఆర్మ్, అంటే టై రాడ్ లాగితే చక్రాన్ని తిప్పే చెయ్యి లాంటి ముక్క, చూసి అక్కడే కూర్చుండిపోయాను. అంతకు ముందు పని చేసిన షెడ్డులో ఎవరో నట్టు రాక గ్యాస్ పెట్టారు. వేడికి ఆర్మ్ కన్ను, అంటే టై రాడ్ ఎండ్ కూర్చునే కన్నం, సాగింది. కొత్త టై రాడ్ ఎండ్ అందులో బిగుతుగా కూర్చోలేదు. దాంతో దాని స్టడ్డును, అంటే ఆ కన్నంలో దూరే మర ఉన్న ముక్కను, ఆర్మ్‌కే నాలుగు చుక్కల వెల్డింగ్‌తో అతికించారు. నట్టు వదులు కాకుండా ఆపే స్ప్లిట్ పిన్ను ఉండాల్సిన చోట ఇంటి మేకు వంచి పెట్టారు. వెల్డింగ్ చుట్టూ వెంట్రుక మందాన పగులు. ఆ బండిలోనే అంతకు ముందు శివరాత్రికి అమ్మను, అక్క పిల్లలను ఎక్కించుకుని శ్రీశైలం పోయి వచ్చాను. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఆ మలుపులు గుర్తొస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

అసలు నట్లు ఎందుకు పట్టేస్తాయి? ఇనుము తుప్పుగా మారితే దాని చోటు రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. నట్టు మరకూ బోల్టు మరకూ మధ్య ఉండే సందు వెంట్రుకంత. అందులో తుప్పు పెరిగితే లోపల ఎవరో మేకులు దిగ్గొట్టినట్టే. మన దిక్కు బండ్లకు ఇంకో శని ఉంది. అదే జీపులో పొటాష్ బస్తాలు మోస్తాం. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, అదొక ఉప్పు. బస్తా చిరిగి రాలిన పొడి తేమకు కరిగి కిందికి జారుతుంది. దాని మీద నాట్ల కాలం బురద మెత్తుకుంటుంది. సముద్రం పక్కన బండ్లు ఎందుకు తొందరగా జంగు పడతాయో, మా చేను గట్టు మీద నిలబెట్టిన జీపూ అందుకే జంగు పడుతుంది.

ఇక గ్యాస్ సంగతి. వేడి చేస్తే నట్టు వ్యాకోచిస్తుంది, వదులవుతుంది, నిజమే. లెక్క కట్టి చూడండి. 16 మిల్లీమీటర్ల కన్నం 300 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది దాదాపు 0.06 మిల్లీమీటరు. తుప్పు పట్టు విడవడానికి అదే ఎక్కువ. అందుకని నేను వేడికి శత్రువును కాదు. చాసిస్ మీది పాత బోల్టు, పారేయబోయే నట్టు, పక్కన బ్రేకు పైపు, డీజిల్ పైపు, రబ్బరు ఏదీ లేని చోటు, అక్కడ నట్టుకు మాత్రమే కాసేపు వేడి తగిలిస్తే తప్పు లేదు. ఆ వేడి నట్టుకు కొవ్వొత్తి ముట్టించి, కరిగిన మైనం మరల్లోకి పీల్చుకునేలా చేయడం కూడా మంచి ఉపాయమే.

స్టీరింగ్ ఆర్మ్, టై రాడ్, స్టీరింగ్ బాక్సుకు ఉండే డ్రాప్ ఆర్మ్ అలాంటివి కావు. ఆర్మ్‌లు ఉక్కును సాగగొట్టి చేసినవి. తర్వాత ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్ళీ మితంగా వేడి చేసి పదును పెడతారు, అంటే ఉక్కుకు గట్టిదనం తెస్తారు. కత్తికి కమ్మరి పదును పెట్టినట్టే. ఆ పదును మంటలో పోతుంది. గట్టి బోల్టుల మీద 8.8, 10.9 అని అంకెలుంటాయి చూడండి. వాటికి పదును పెట్టేటప్పుడు రెండోసారి వేడి కనీసం 425 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. మనం ఆ వేడిని దాటించామంటే ఆ బోల్టు అంకెలను ఇక నమ్మలేం. ఇనుము ఎర్రబడటం కంటికి కనిపించేది 500 డిగ్రీలు దాటాకే, అదీ చీకట్లో. మన ఎండలో, షెడ్డు బయట, ఆ మసక ఎరుపు కనిపించనే కనిపించదు. "ఎర్రగ కాలే దాక పెట్టలేదన్నా" అని పిల్లగాడు నిజంగానే నమ్ముతాడు. అప్పటికే పదును పోయి ఉండవచ్చు. పైగా మూసి ఉన్న జాయింటులో గ్రీజు ఉడికితే అది పేలి మొహాన పడే ప్రమాదం వేరే.

వెల్డింగ్ ఇంకా ఘోరం. ఇలాంటి ఉక్కుకు చుక్క పెట్టి వదిలేస్తే, చుట్టుపక్కల ఇనుము గబుక్కున చల్లారి పెళుసెక్కుతుంది. బయటికి గట్టిగానే ఉంటుంది. గుంతలో పడిన రోజు తెలుస్తుంది.

మరి నట్టు ఎలా తీయాలి? మా జీపు ఆ రోజు నుంచి మిర్యాలగూడ దిక్కు ఉన్న ఒక పెద్దాయన దగ్గరికే పోతోంది. అందరూ చాచా అంటారు, నేనూ అంతే. ఆయన చేతిలో ఒక్క స్టీరింగ్ నట్టు తెగడం నేను చూడలేదు.

చాచా మొదట పాన పట్టుకోడు, ఇనుప బ్రష్షు పట్టుకుంటాడు. నట్టు బయట మిగిలిన మరలను మెరిసేదాకా రుద్దుతాడు. "బేటా, నట్టు బయటికి రావాలంటే ఈ తొవ్వల్నే రావాలె. తొవ్వల మట్టి ఉంటే ఎట్లొస్తది?" అంటాడు. తర్వాత స్ప్లిట్ పిన్ను. దాని కాళ్ళు సాఫు చేసి, నూనె వేసి, సన్న పంచితో తడుతూ తీస్తాడు. పిన్ను సగం లోపల ఉండగానే నట్టు తిప్పి మర పోగొట్టుకున్న బండ్లు ఎన్ని ఉన్నాయో!

తర్వాత నూనె. డీజిలు, గాసునూనె, డబ్బాలో దొరికే స్ప్రే, ఏదైనా పనిచేస్తుంది, టైమిస్తే. అందరి షెడ్డుల్లో ఉండే డబ్ల్యూడీ-40 కూడా 1953లో తేమను తరమడానికి తయారైన మందు, మంత్రజలం కాదు. కొట్టిన ఐదు నిమిషాలకే పాన వేస్తే అది మరల్లోకి దిగనే దిగదు. కొందరు అసిటోన్, గేరు ఆయిల్ చెరి సగం కలుపుతారు. వాళ్ళు చెప్పేది ఆటోమేటిక్ గేర్ల బండ్లకు పోసే పల్చటి ఎర్ర ఆయిల్, మన చిక్కటి గేరు ఆయిల్ కాదు. అసిటోన్ పెట్రోలులా అంటుకుంటుంది, దాని దగ్గర బీడీ కూడా వద్దు. చాచా సాయంత్రం నూనె వేసి, నట్టు చుట్టూ చిన్న సుత్తితో తడతాడు. కొట్టడు, తడతాడు. ఆ అదురుకు తుప్పు పొరలు విడిపోయి నూనె లోపలికి దారి చేసుకుంటుంది. పొద్దున మళ్ళీ. కొన్నింటికి రెండు రాత్రులు పడుతుంది.

అప్పుడు ఆరు మూలల సాకెట్టు. పన్నెండు మూలల రింగు పాన అరిగిన నట్టు మీద జారుతుంది, ఒకసారి జారితే నట్టు గుండ్రంగా మారుతుంది. ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు వెంట్రుకంత ఒత్తిడి. "టక్" మని చిన్న చప్పుడు వస్తే పట్టు విడిచినట్టు. అప్పుడు పావు చుట్టు విప్పడం, నూనె, వెనక్కి, మళ్ళీ ముందుకు. పాన చప్పుడు లేకుండా మెత్తగా, రబ్బరులా తిరుగుతుంటే వెంటనే ఆపాలి. అప్పుడు తిరిగేది నట్టు కాదు, బోల్టు మెలి పడుతోంది. ఇంకొంచెం లాగితే తెగుతుంది. ఈ ఒక్క తేడా చేతికి తెలియడానికి ఏళ్ళు పడుతుంది. నాకు ఇంకా సరిగా తెలియదు.

నట్టుతో పాటు స్టడ్డు కూడా తిరుగుతుంటే జాయింటు కింద చిన్న జాకీ పెట్టి పైకి నొక్కుతాడు. స్టడ్డు మొన సన్నగా, మొదలు లావుగా ఉంటుంది కదా, కన్నంలో బిగుసుకుని తిరగడం ఆగుతుంది.

నట్టు వచ్చాక కూడా టై రాడ్ ఎండ్ ఊడదు. చాలా మంది స్టడ్డు మొన మీద సమ్మెటతో బాదుతారు. మొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఇక ఎటూ రాదు. చాచా నట్టును మొన దాకా తిరిగి ఎక్కించి వదిలేస్తాడు. ఆర్మ్ కన్నుకు ఒక పక్క బరువైన సుత్తిని ఆనించి పట్టుకుని, ఎదురు పక్క నుంచి ఇంకో సుత్తితో కన్ను అంచు మీద గట్టిగా రెండు దెబ్బలు. కన్ను క్షణం పాటు కోడిగుడ్డులా సాగి స్టడ్డును వదిలేస్తుంది. ఆ చప్పుడు వింటే పండగలా ఉంటుంది. మర తిప్పి ఊడలాగే పనిముట్టు, పుల్లరు, ఉంటే ఇంకా మేలు. డ్రాప్ ఆర్మ్‌కు మాత్రం పుల్లరు తప్పదు, అక్కడ సుత్తి వాడితే దెబ్బ స్టీరింగ్ బాక్సు బేరింగులకు తగులుతుంది.

ఇంకో మాట. టై రాడ్ గొట్టానికి ఒక కొన మామూలు మర, ఇంకో కొన ఉల్టా మర. గొట్టం తిప్పి చక్రాలు సరిచేయడానికి అలా చేస్తారు. ఆ సంగతి తెలియక విప్పుతున్నామనుకుని గంటల తరబడి బిగించినవాళ్ళను చూశాను. చివరికి వాళ్ళూ గ్యాసే తెచ్చారు.

బిగించేటప్పుడు కొత్త నట్టు, కొత్త స్ప్లిట్ పిన్ను. ఆ నట్టు తల మన దేవరకొండ ఖిల్లా బురుజులా గాట్లు పడి ఉంటుంది. గాటూ పిన్ను కన్నమూ కలవకపోతే ఇంకొంచెం బిగించి తర్వాతి గాటుకు తేవాలి, వదులు చేసి కలపకూడదు. కన్నం లోపల గ్రీజు రాయకూడదు, పొడిగా, శుభ్రంగా ఉండాలి. బోల్టు మార్చాల్సి వస్తే పాతదాని తల మీద ఉన్న అంకె చూసే కొనండి. హార్డ్‌వేర్ షాపులో గేటుకు వాడే 4.6 బోల్టు చదరపు మిల్లీమీటరుకు సుమారు 40 కిలోల లాగుడు దగ్గర తెగుతుంది. 8.8 బోల్టు 80 దాకా ఆగుతుంది. ధర తేడా చాయ్ డబ్బులంత.

ఇవన్నీ ఆ పిల్లగాడికి ఎందుకు తెలియవు అని కోపం వచ్చింది. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే కోపం మన మీదికే తిరిగింది.

చాచా ఒక నట్టు మీద ఒకటిన్నర రోజు కూర్చున్నాడనుకోండి. మనం పోయి "ఎంత?" అంటాం. ఆయన చెప్పిన అంకె విని "ఏం మార్చినవ్ చాచా ఇంత?" అంటాం. కొత్త పార్టు బిల్లు ఇస్తే నోరు మూసుకుని కడతాం. ఒక్క పార్టు కూడా పాడు చేయకుండా పాతదాన్ని ఊడదీసిన చేతికి మాత్రం కూలీ ఇవ్వడానికి మనసు రాదు. గ్యాస్ పెట్టినవాడు అరగంటలో బండి ఇస్తాడు, తక్కువ తీసుకుంటాడు, వాడినే "పనిమంతుడు" అంటాం. ఇరవై ఏళ్ళుగా మనం డబ్బు ఇచ్చి నేర్పించిన పాఠమే ఆ పిల్లగాడి చేతిలో మంటగా ఉంది. నేనూ ఒకసారి చాచాతో రెండు వందల కోసం బేరమాడాను. ఆయన ఏమీ అనలేదు, ఇచ్చింది తీసుకున్నాడు. అది ఇప్పటికీ నాకు బాధే.

అందుకే ఓనర్లను అడుగుతున్నాను. స్టీరింగ్ పనికి బండి ఇచ్చేటప్పుడు "రేపటికల్లా కావాలె" అనకండి. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో పెట్టుకోకండి, ఎండాకాలం ఖాళీలో ఇవ్వండి. బండి ఇచ్చే రెండు రోజుల ముందే ఇంటి దగ్గర మీరే ఆ నట్లకు నూనె పెట్టండి. గంటల లెక్కన కూలీ ముందే మాట్లాడుకోండి. బండి తిరిగి తెచ్చుకునే ముందు టార్చిలైటు పట్టుకుని కింద దూరి చూడండి. వేడికి పడిన నీలం మచ్చ, నల్లగా కాలిన రబ్బరు, వెల్డింగ్ చుక్క, మేకు, బైండింగ్ వైరు, ఏది కనిపించినా ఆ బండి కదిలించకండి.

ఆ ఆదివారం నాటి జీపు అదే షెడ్డులో ఉంది. ఓనరు కూలీల కోసం వేరే ఆటో మాట్లాడుకున్నాడు. మంట తగిలిన ఆర్మ్ తీసేసి వేరేది వేయాలని ఆ పిల్లగాడే ఓనరుకు చెప్పాడు, నేను చెప్పేలోపే. ఎడమ పక్క నట్టు సోమవారం మధ్యాహ్నం వచ్చింది. కుడి పక్కది ఇంకా రాలేదు. నిన్న సాయంత్రం మళ్ళీ నూనె పెట్టి, తట్టి వచ్చాం. పొద్దున ఎనిమిదింటికి వెళ్తున్నాను, చాచా దగ్గర అడిగి తెచ్చిన పుల్లరు బండిలోనే ఉంది.