స్వయంకృతం

“ఇల్లు కట్టి చూడు” అన్నారు పెద్దలు. “కట్టించి చూడు” అనలేదు. ఈ తేడాను తెలుగువాళ్లు తరతరాలుగా పట్టించుకోకపోవడం వల్లనే మేస్త్రులు మన నెత్తినెక్కి కూర్చున్నారని మా బావమరిది సిద్ధాంతం. ఆయన జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాడు. అందువల్ల వ్యాకరణంలోనూ, వాస్తులోనూ, భవన నిర్మాణంలోనూ మా ఇంట్లో ఆయన మాటే చెల్లుతుంది. కిందటి వేసవిలో ఆ సిద్ధాంతాన్ని కర్నూలు పాతబస్తీలోని మా ఇంటి బాత్రూములో అమలు చేశాం. ఆ అనుభవం ఇచ్చిన ధైర్యంతోనే ఈ విన్నపం రాస్తున్నాను: బేల్దారి పనిని, అంటే ఇళ్లు కట్టే తాపీ పనిని, ఒక వృత్తిగా లెక్కించడం ఇక మానేయాలి. చేతిలో ఫోను, అందులో పదకొండు నిమిషాల వీడియో, వారానికి ఒక ఆదివారం ఉన్న ఏ కుటుంబానికైనా మేస్త్రి అనవసరం.

సమస్య హాలు గోడ మీద మొదలైంది. ఏప్రిల్ రెండో వారంలో, కిటికీ పక్కన, బాత్రూము గోడ వచ్చి కలిసే మూలలో దోసకాయంత చెమ్మ కనిపించింది. వారం తిరిగేసరికి గుమ్మడికాయంత అయింది. రంగు ఉబ్బి, పెచ్చులు ఊడి, లోపలి ఇటుక బయటపడింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. బయట 42 డిగ్రీల ఎండ. ఈ ఎండలో గోడకు చెమ్మ ఎక్కడిదని కుటుంబమంతా కూలరు ముందు చేరి చర్చించాం.

ఆ గోడ మీదే ఛాతీ ఎత్తున ఒక పెన్సిల్ గీత ఉంది. 2009 అక్టోబరు వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో మా నాన్న గీసి పెట్టిన గుర్తు అది. ఆ తర్వాత రెండుసార్లు రంగులు వేయించినా, గీత మీద మాత్రం కుంచె పడనివ్వలేదు ఆయన. బావమరిది ఆ గీత వైపు చాలాసేపు చూసి, “బావా, ఇది పాత నీళ్లు. ఇన్నాళ్లూ గోడలో అణిగి ఉన్నాయి, ఇప్పుడు బయటికి వస్తున్నాయి” అన్నాడు. సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి, సన్నటి రంధ్రాల గుండా నీళ్లు పైకి పాకే కేశనాళిక చర్య అన్నాడు. చరిత్ర, శాస్త్రం ఒక్క మాట మీదికి వచ్చాక సామాన్యుడు ఏం చేయగలడు? బాత్రూము నేల పగలగొట్టాలని తీర్మానించాం. హాలు గోడకు చెమ్మ వస్తే బాత్రూము నేల ఎందుకు పగలగొట్టాలని నాకూ ఒక అనుమానం వచ్చింది. కానీ తీర్మానం అయిపోయింది.

మేస్త్రిని అసలు సంప్రదించలేదన్న నింద మాకు వద్దు. ఫోను చేశాం. ఎంత అవుతుందని అడిగితే, “చూడకుండా ఏం చెప్పను సార్?” అన్నాడు. పదకొండు నిమిషాల వీడియోలో ఆ పెద్దమనిషి మా ఇల్లు చూడకుండానే అంతా చెప్పాడు కదా! గట్టిగా నిలదీస్తే, బండలు మార్చాల్సి వస్తే నాలుగు రోజుల పని, కూలీ 14 వేలు అన్నాడు. ఇక్కడ మనబోటి చదువుకున్నవాళ్ల మనస్తత్వం ఒకటి చెప్పుకోవాలి. మనిషి చేతికి 14 వేలు ఇవ్వడమంటే మనకు ప్రాణం పోతుంది, అది ఖర్చు. అంగడికి పోయి డ్రిల్లింగ్ యంత్రం, బండలు కోసే యంత్రం, రబ్బరు సుత్తి, మూడు సైజుల తాపీలు, మోకాళ్లకు కట్టుకునే మెత్తలు 9 వేలు పెట్టి తెచ్చుకుంటే అది పెట్టుబడి. బావమరిది వీటన్నిటినీ స్థిరాస్తుల కింద రాసి, ఏటా పదో వంతు తరుగుదల చూపించాడు. ఆ లెక్క ప్రకారం మా బాత్రూముకు ఇప్పటికీ పెద్దగా ఖర్చు కాలేదు.

మా పూర్వీకులు కూడా మా పక్షమే. ఈ సీమలోని పాత మిద్దెల పైకప్పు పని చాలా ఊళ్లలో ఇంటివాళ్లే చూసుకునేవాళ్లు. దూలాల మీద దంతెలు, వాటి మీద నాపరాళ్లో కట్టె పేళ్లో, ఆపైన మన్ను, అన్నిటికీ పైన చవుడు. తొలకరికి ముందే బండ్లతో చవుడు తోలి, మిద్దెక్కి పరిచి, చదును చేసేవాళ్లు. ఆ మన్ను వాన నీటిని లోపలికి దిగనివ్వదు. ఏ దిక్కున దొరికే చవుడు మంచిదో, ఎన్ని వేళ్ల మందం పడాలో, నీళ్లు ఏ మూల నుంచి కిందికి పోవాలో వాళ్లకు చిన్ననాటి నుంచే తెలుసు. మాకు ఇవేవీ తెలియవు. అయినా వాళ్ల మనవళ్లమే కదా, రక్తంలో ఉంటుందనుకున్నాం.

మొదటి దెబ్బ మా అమ్మ చేత వేయించి కొబ్బరికాయ కొట్టాం. రెండో దెబ్బకు నీళ్ల పైపు పగిలింది. పైపు గురించి ఇంతకంటే చెప్పను.

అప్పటి నుంచి మూడు వారాలు పక్కింట్లో స్నానాలు, వరండాలో తడికె కట్టుకుని గిన్నెలు కడుక్కోవడం. మా ఆవిడ ముఖం చూసి నేనే ధైర్యం చెప్పాను: “1953లో ఈ ఊరు రాజధాని అయినప్పుడు ప్రభుత్వ కార్యాలయాలే గుడారాల్లో నడిచాయి. రాష్ట్రాన్ని గుడారంలో నడపగా లేనిది, మనం తడికె చాటున నాలుగు గిన్నెలు కడుక్కోలేమా?” ఆమె ఏమీ అనలేదు. మూడేళ్లకే రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయిందని మా అమ్మాయి గుర్తు చేసింది. ఈ కాలం పిల్లలకు చరిత్రలో అనవసరమైన భాగాలే గుర్తుంటాయి.

బండలు మాత్రం మన ప్రాంతానివే కావాలని పట్టుబట్టి బేతంచెర్ల నాపరాళ్లు తెచ్చాం. నాపరాయిని మీరెప్పుడైనా తిరగేసి చూశారా? పాలిష్ పట్టిన ముఖం పెళ్లిచూపులకు వచ్చినట్టు ఉంటుంది. వెనక ముఖం గనిలో ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఒక మూల అంగుళం మందం, ఇంకో మూల అంగుళంన్నర. ఏ మూల కింద ఎంత మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) వేయాలో చేత్తో తూచి, పైముఖాలన్నీ ఒక్క మట్టానికి తేవడమే ఆ పనిలో అసలు పని అట. మాకు అది తర్వాత తెలిసింది. మేము మాత్రం పక్షపాతం లేకుండా అన్ని మూలలకూ సమానంగా మాలు వేశాం. నేల ఆరు పళ్లు ఊడిన ముసలివాడి చిగుళ్లలా తయారైంది.

మాలు సంగతి కూడా చెప్పాలి. 50 కిలోల సిమెంటు మూట విప్పాక మిగిలితే గాలి తగిలి పాడవుతుందని, అది నష్టం పద్దు కిందికి వస్తుందని బావమరిది హెచ్చరించాడు. దాంతో ఒకటికి నాలుగు పాళ్ల ఇసుకతో మూట మొత్తం ఒకేసారి కలిపేశాం. మాలు కలిపిన అరగంటలో వాడేయాలి. మాకు ఒక్కో బండకు ఇరవై నిమిషాలు పట్టింది, మధ్యలో కాఫీలు. రెండో బండ అయ్యేసరికి పెరట్లో గుట్టగా పోసిన మాలు బిర్రబిగుసుకుంటోంది. నీళ్లు పోసి మళ్లీ కలిపాం. అలా కలిపితే బలం పోతుందని అబ్బాయికి తెలుసు, పరీక్షలో రాశాడు కూడా. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, “అది థియరీ కదా నాన్నా” అన్నాడు. వాడినంత వాడి మిగిలింది వదిలేశాం. “28 రోజులకు పూర్తి బలం వస్తుంది నాన్నా” అన్నాడు. ఆ మాట మాత్రం నిజమైంది. ఆ గుట్టలోకి ఇప్పుడు గడ్డపార దిగడం లేదు. వీధి పిల్లలు దాన్ని రెండో కొండారెడ్డి బురుజు అంటున్నారు. మా అమ్మ సాయంత్రాలు దాని మీద కూర్చుని కందిపప్పు ఏరుకుంటుంది. ఈ మొత్తం పథకంలో నేరుగా లబ్ధి పొందింది ఆమె ఒక్కతే.

బండలు పరిచేటప్పుడు వాటం చూడాలి. నీళ్లు తూము వైపు పోవడానికి నాలుగు అడుగులకు అర అంగుళమైనా పల్లం ఉండాలి. మేస్త్రులు దీనికి నీళ్లు నింపిన పొడవాటి ట్యూబు పట్టుకుంటారు. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టాన నిలుస్తాయి, అబద్ధం చెప్పడం నీళ్లకు రాదు. మాకు ఆ పాత పద్ధతి నచ్చలేదు. అబ్బాయి ఫోనులో మట్టం చూసే యాప్ ఉంది. ప్రతి బండ మీదా ఫోను వెల్లకిలా పెట్టాడు, ప్రతిసారీ తెర మీద పల్లం తూము వైపే చూపించింది. ఫోను వెనక కెమెరాలు పెసరగింజంత ఎత్తు పొడుచుకు వచ్చి ఉంటాయని, ఆ గింజ మీద ఒక పక్కకు ఒరిగి ఫోను ఇన్నిసార్లూ తన వాటాన్నే కొలుచుకుందని, మొదటి స్నానం రోజున తెలిసింది.

హంద్రీ వెళ్లి తుంగభద్రలో కలిసే ఊరు మాది. మా ఇంట్లో బాత్రూము వెళ్లి హాలులో కలుస్తోంది. నీళ్లను పల్లం నుంచి మెరకకు పంపాలంటే సీమకు తెలిసిన మార్గం ఒకటే కాబట్టి, ఒక వైపరు, ఒక బకెట్టు, మా అమ్మాయితో ఎత్తిపోతల పథకం ప్రారంభించాం. అమ్మాయి రెండో రోజే రాజీనామా చేసింది.

ఇంతలో బండల మీద సిమెంటు మరకలు మిగిలాయి. బాత్రూములు కడిగే యాసిడ్ తెచ్చి అబ్బాయి ధారాళంగా పోశాడు. బండలన్నీ ఒక్కసారిగా బుస్సుమన్నాయి. తెల్లటి నురగ లేచింది. నాపరాయి అంటే సున్నపురాయే కదా! ఘాటుకు ముక్కు మూసుకుని, వాడు గుమ్మంలో నిలబడి, “కాల్షియం కార్బొనేట్ నాన్నా, కార్బన్ డయాక్సైడ్ వస్తోంది, సమీకరణం పదో తరగతిలోనే ఉంది” అన్నాడు. కళ్ల ముందు 12 బండల పాలిష్ పోతుంటే, వాడికి ఆ సమీకరణం తప్పు లేకుండా గుర్తున్నందుకు తండ్రిగా నాకు కొంచెం గర్వం కలిగిన మాట దాచను.

హాలు గోడ మీద చెమ్మ ఈ మూడు వారాల్లో తగ్గకపోగా గీత దాకా ఎగబాకింది. లోపలి నీరంతా బయటికి వచ్చేస్తోందని, ఇది మంచి సూచన అని బావమరిది అన్నాడు. పని చేసి చెమటలు పట్టినప్పుడల్లా కూలరు ముందు కూర్చుని ఆ సూచననే చూస్తూ ఉండేవాళ్లం.

కర్నూలు–కడప కాలువను 1863లో తవ్వడం మొదలుపెట్టింది ఒక ఇంగ్లీషు కంపెనీ. పంటలకు నీళ్లు, పడవలకు దారి, వాటాదారులకు లాభాలు అన్నారు. ఖర్చు అంచనాలు దాటింది, రాబడి రాలేదు, చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసుకుంది. మా ఇంట్లో అంత కాలం పట్టలేదు. ఒక సోమవారం పొద్దున మా ఆవిడ ఫోను తీసుకుని మేస్త్రిని రమ్మంది. “ఏమండీ, మీరు ఆ రబ్బరు సుత్తి కింద పెట్టండి” అంది. అధికార మార్పిడి ఇంత ప్రశాంతంగా జరగడం అరుదు.

మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. చెప్పులు గేటు దగ్గరే విడిచి, పెరట్లోని బురుజును ఒకసారి చూసి, ఏమీ అడగకుండా హాలులోకి వచ్చాడు. చెమ్మ మీద వేళ్ల వెనక భాగం ఆనించాడు. బాత్రూములోకి పోతాడనుకుంటే బయటికి నడిచాడు. మేమంతా వెంట వెళ్లాం. కిటికీ బయట ఇనుప స్టాండు మీద కూలరు ఉంది. దాని ట్యాంకు కింద, తుప్పు పట్టిన మూలలో బొటనవేలు పెట్టి కొంచెంసేపు ఆగాడు. వేలి గోరు మీద ఒక నీటిబొట్టు మెల్లగా ఊరి, నిండి, గోడ వైపు జారింది. దాని వెనకే ఇంకొకటి.

“ఇది ఎప్పుడు పెట్టారు సార్?”

“ఏప్రిల్ మొదటి వారంలో.”

స్టాండును జానెడు ఇవతలికి లాగి, “అడుగున ఒక రేకు పెట్టండి. గోడ పది రోజుల్లో ఆరిపోతుంది” అన్నాడు. దీనికి డబ్బేమీ అడగలేదు. మా అమ్మ గోడ మీది గీత వైపు చూసి చేతులు జోడించింది. వరదకో, మా నాన్నకో తెలియలేదు.

తర్వాత బాత్రూము గుమ్మంలో గొంతుకు కూర్చుని చెంబెడు నీళ్లు అడిగాడు. తూముకు దగ్గరగా నేల మీద నెమ్మదిగా పోశాడు. నీళ్లు కాసేపు ఆలోచించి, ఆయన కాళ్ల దగ్గరికే వచ్చాయి. ఆయన కాళ్లు పక్కకు జరుపుకున్నాడు. నీళ్లు గడప దాటి హాలులోకి వెళ్లిపోయాయి. నురగ తిన్న ఒక బండను అరచేత్తో తడిమి, చాలాసేపటికి తలెత్తాడు.

“ఈ బండలు ఎవరు వేశారు సార్?”

అబ్బాయి ఫోనులోకి చూసుకుంటున్నాడు. కాలేజీకి వేళవుతోందని బావమరిది చెప్పులు వేసుకున్నాడు. అది మే నెల, సెలవులు.

“ఎవరో బయటి ఊరివాళ్లు” అన్నాను.

“డబ్బులు మొత్తం ఇచ్చేశారా?”

“లేదు, అడ్వాన్సే ఇచ్చాం.”

ఆయన చెంబు బోర్లించి గడప పక్కన పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు: “మిగిలింది ఇవ్వకండి సార్.”